డాంప్ అంటే తడి మాత్రమే కాదు

వర్షాకాలంలో గోడ చెమ్మగిల్లితే ‘డాంప్ పట్టింది’ అంటాం. కాని ఉత్తర ఇంగ్లండు బొగ్గుగని కార్మికుల మాండలికంలో ఈ మాటకు తడితో పనిలేదు. వాళ్లకు డాంప్ అంటే గనిలో ప్రాణం తీసే గాలి.

నిజానికి పాత అర్థం ఇదే. ఆవిరిని జర్మన్ భాషలో ‘డంప్ఫ్’ అంటారు. ఆ మాటకు ఇది తోబుట్టువు. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో దీనికి ‘హానికరమైన ఆవిరి’ అని అర్థం. తేమ అనే అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది. ఊపిరి సలపనివ్వకపోవడం, అణచివేయడం అనే అర్థంలో ఇది క్రియగా కూడా మారింది. లోలకం ఊపు క్రమంగా తగ్గడాన్ని భౌతికశాస్త్రంలో ‘డాంపింగ్’ అనడం అందుకే.

గనివాళ్లు గాలులకు వాటి గుణాన్ని బట్టి పేర్లు పెట్టారు. నిప్పు తగిలితే మండేది ఫైర్‌డాంప్. ఈ పేరు 17వ శతాబ్దంలోనే ఉంది. అందులోని ప్రధాన వాయువైన మీథేన్‌ను వోల్టా పరిశీలించింది 1776లో! గాలిలో ఇది 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది. దీపాన్ని ఆర్పేది బ్లాక్‌డాంప్. అంటే ఆక్సిజన్ తరిగిపోయి నత్రజని, కార్బన్ డై ఆక్సైడ్ మిగిలిన గాలి. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ స్టింక్‌డాంప్. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వైట్‌డాంప్. పేలుడు తరువాత గనిలో నిండే వాయువుల మిశ్రమం ఆఫ్టర్‌డాంప్.

1812 మే 25న ఫెల్లింగ్ గనిలో ఫైర్‌డాంప్ పేలి 92 మంది మరణించారు. 1815లో హంఫ్రీ డేవీ దీపం చుట్టూ సన్నని లోహపు జాలీ అమర్చాడు. మంట వేడిని జాలీ లాగేసుకోవడం వల్ల బయటి వాయువు అంటుకోదు. ఫైర్‌డాంప్ ఉంటే మంటపై నీలి టోపీ కనిపించేది. బ్లాక్‌డాంప్ ఉంటే దీపం కొడిగట్టేది.

మరి వైట్‌డాంప్ సంగతి? దాన్ని దీపం పట్టించలేదు. పేలుళ్లలో ఎక్కువమందిని చంపేది మంటలు కావు, కార్బన్ మోనాక్సైడేనని 1896లో జాన్ స్కాట్ హాల్డేన్ నిరూపించాడు. మనిషికన్నా ముందే సొమ్మసిల్లే చిన్న ప్రాణిని వెంట తీసుకెళ్లమన్నాడు. అలా గనుల్లోకి వచ్చిన కానరీ పిట్టలను బ్రిటన్‌లో 1986 నుంచి పరికరాలతో భర్తీ చేశారు.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు గోల అనుకోకండి. పూడిక తీయడానికి పాడుబావిలో దిగినవారికి ఊపిరాడకుండా చేసేది బ్లాక్‌డాంప్ లాంటి గాలే. మురుగు గోతుల్లో పొంచి ఉండేది స్టింక్‌డాంప్. బావిలోకి లాంతరు దించి చూడడం మన ఊళ్లలో పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు, నిజమే. కాని అది వెలుగుతోందంటే లోపల విషవాయువు లేదని కాదు. మీథేన్ ఉంటే ఆ దీపమే ముప్పు తెస్తుంది. కనుక గాలిని పరికరంతో పరీక్షించాకే దిగాలి. లోపల ఒకరు పడిపోతే ఆదుర్దాతో వెంటనే మరొకరు దిగకూడదు. డాంపులు ఎన్నో రకాలు. వాటన్నిటినీ ఒక్క దీపం పట్టించలేదు.