ఉపగ్రహం పూర్తిగా కాలిపోతుందా? పునఃప్రవేశ పరీక్షలు

2024 మార్చిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పును చీల్చుకొని లోహపు ముక్క ఒకటి లోపల పడింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, బరువు 0.7 కిలోలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల చట్రంలోని భాగమని నాసా పరిశీలించి తేల్చింది. ఆ సామాను అంతా వాతావరణంలోనే కాలిపోతుందని మొదటి అంచనా. అది ఎందుకు తప్పింది? ముందుగా చిన్న లెక్క చేద్దాం.

భూమికి దగ్గరి కక్ష్యలో వేగం సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. గతిజశక్తి సూత్రంలో ఈ విలువ వేస్తే ప్రతి కిలోకు సుమారు 30 మెగాజౌళ్లు వస్తాయి. కిలో అల్యూమినియాన్ని గది ఉష్ణోగ్రత నుంచి పూర్తిగా కరిగించడానికి 1 మెగాజౌల్ చాలు. ఈ లెక్కన ఏదీ మిగలకూడదు. కాని ఆ శక్తిలో అధిక భాగం వస్తువులోకి చేరదు. ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి లేక ఒక్కసారిగా నొక్కుకుపోయి, షాక్ తరంగం ఏర్పడుతుంది. మొదట వేడెక్కేది ఆ గాలే. (ఘర్షణే కారణమని మీరు చాలాచోట్ల చదివి ఉంటారు. ఈ వేగాల వద్ద ప్రధాన కారణం సంపీడనం.) లోహానికి అందేది అందులో కొద్ది భాగం మాత్రమే.

ఎంత అందుతుందన్నది ఆకారం, బరువు, దొర్లే తీరు, ఇతర భాగాల చాటున ఎంతసేపు ఉందన్న వాటిపై ఆధారపడుతుంది. ఫ్లోరిడా ముక్క ఇంకోనెల్ అనే నికెల్ మిశ్రలోహం. వేడిని తట్టుకోవడానికే పేరుపొందింది. అయితే ద్రవీభవన స్థానం ఒక్కటే చూస్తే చాలదు. బోలుగా ఉండే టైటానియం గోళం తన సైజుకు తేలిక కాబట్టి పలుచని పై పొరల్లోనే వేగం కోల్పోతుంది, తీవ్రమైన వేడిని తప్పించుకుంటుంది. 1997 జనవరిలో డెల్టా-2 రాకెట్ రెండో దశ నుంచి అలాంటి గోళం ఒకటి, 250 కిలోల స్టీలు ట్యాంకు ఒకటి టెక్సాస్‌లో నేలకు చేరాయి. 660 డిగ్రీల సెల్సియస్ వద్దే కరిగే అల్యూమినియం కూడా లెక్కను తికమక పెడుతుంది. దాని పైనుండే ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. కాగిన పాలపై మీగడలా అది కరిగిన లోహాన్ని పట్టి ఉంచగలదు.

ఇలాంటి ప్రవర్తనను కాగితం మీద ఊహించడం కష్టం కనుకనే నిజమైన భాగాలను కాల్చి చూస్తారు. జర్మనీలోని కొలోన్‌లో ప్లాస్మా విండ్ టన్నెల్ ఉంది. అందులో విద్యుత్ ఆర్క్‌తో వాయువును వేల డిగ్రీలకు వేడిచేసి, అల్పపీడన గదిలోకి నాజిల్ ద్వారా అతివేగంగా వదులుతారు. 2019లో ఐరోపా అంతరిక్ష సంస్థ ఇందులో ఉపగ్రహ దిశను సరిచేసే విద్యుదయస్కాంత కడ్డీని పరీక్షించింది. బయట కార్బన్ ఫైబర్ తొడుగు, లోపల రాగి చుట్లు, నడుమ ఇనుము-కోబాల్ట్ గర్భం ఉన్న బరువైన భాగం అది. పొరలు ఏ వరుసలో, ఎంతసేపటికి పోతాయో చూసి కంప్యూటర్ నమూనాలను సరిదిద్దుకుంటారు.

టన్నెల్‌కూ పరిమితి ఉంది. విడి భాగాన్ని కాల్చగలరు గాని, మొత్తం ఉపగ్రహం ఎక్కడ విరుగుతుందో చూడలేరు. 2008లో జూల్ వెర్న్ సరుకు నౌక పసిఫిక్‌పై విచ్ఛిన్నమవడాన్ని రెండు విమానాల నుంచి చిత్రీకరించారు. లోపలి నుంచే కొలవడానికి డ్రాకో అనే ఉపగ్రహాన్ని 2027లో పంపాలని ఐరోపా సంస్థ సంకల్పించింది. ఉపగ్రహం విరిగిపోయినా అందులోని చిన్న క్యాప్సూల్ బతికి బయటపడి, సమాచారాన్ని పంపాలి.

నేల మీద ఎవరికైనా హాని జరిగే అవకాశం 10,000లో 1ని మించరాదన్నది చాలా సంస్థలు పాటించే హద్దు. పరీక్షలో అది దాటితే డిజైన్ మార్చాలి, లేదా జనం లేని సముద్రంలో కూల్చాలి. 2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మేఘా-ట్రోపిక్స్‌ను, మిగిలిన ఇంధనం వాడి 2023 మార్చి 7న ఇస్రో పసిఫిక్ పైనే కూల్చింది.

స్వయం పరీక్ష: బయటి వ్యాసం సమానంగా ఉన్న రెండు టైటానియం గోళాల్లో ఒకటి ఘనం, మరొకటి బోలు. ఏది ఎక్కువ ఎత్తులోనే వేగం కోల్పోతుంది? కారణం రాయండి.