ఇంగ్లండు చిత్రములు – హాలీవుడ్ చిత్రములు



ఆంగ్లభాషలో మాటలాడు ప్రతి చలనచిత్రమును ‘ఇంగ్లీషు సినిమా’ యని పిలుచుట మన గ్రామములలో వాడుక. ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పిన నేనును చాలకాలము అటులనే పిలిచితిని. ఒకనాడు మా రచ్చబండయొద్ద నొక వృద్ధమిత్రుడు, “పంతులుగారూ, ఈ ఇంగ్లీషు సినిమాలు తీయునది ఇంగ్లండువారేనా?” యని యడిగెను. ఔనని చెప్పబోయి యాగితిని. విచారింపగా వానిలో మిక్కిలి భాగము అమెరికాలోని హాలీవుడ్ సంస్థలవని తేలినది. ఆ భాషకు పుట్టినిల్లు ఇంగ్లండు; ఆ భాషాచిత్రములకు రాజధాని మాత్రము హాలీవుడ్. ఇట్లేల జరిగెను? ధనముగలవానిదే గెలుపా? ఇదియే నేటి ప్రసంగవిషయము.

మొదట లెక్క చూతము. ధాన్యము అమ్మినకొలది గాదె తరుగును. చలనచిత్రము అట్టిది కాదు. ఒకసారి తీసిన పిమ్మట పదిమందికి చూపినను, పదికోట్లమందికి చూపినను, తీసిన ఖర్చు ఒక్కటియే. కావున ఎవని యింట జనము హెచ్చో వాడే హెచ్చు ధనమును ధైర్యముగా వెచ్చింపగలడు. 1930 నాటికి అమెరికా జనసంఖ్య 12 కోట్లు దాటెను. బ్రిటనుది ఇంచుమించు నాలుగున్నర కోట్లు. హాలీవుడ్ వారు పెట్టుబడిని స్వదేశములోనే రాబట్టుకొని, పరదేశములకు చిత్రములను చౌకగా పంపగలిగిరి. తెలుగు చిత్రమునకు మన భాషయే కోటగోడ. బ్రిటనుకు ఆ గోడయు లేకపోయెను. ఇరువురి భాషయు నొక్కటియే గదా!

ఈ పోటీని చూచి బ్రిటిషు ప్రభుత్వము 1927లో నొక శాసనము చేసెను. ప్రతి సినిమాశాలయు కొంతపాలు స్వదేశచిత్రములను చూపవలెను. తొలుత నూటికి 5 పాళ్లుగా నున్న ఆ నిబంధన 1936 నాటికి 20 పాళ్లకు పెరిగెను. ఉద్దేశము మంచిదే. గాని శాసనము లెక్కను అడిగినదేగాని గుణమును అడుగలేదు. అడుగు ఫిల్మునకు ఒక పౌను చొప్పున, కొలదిదినములలో చుట్టివేసిన చిత్రములు పుట్టుకొనివచ్చెను. వానిలో ననేకము అమెరికా సంస్థలే లెక్క తీర్చుటకై తీయించినవి. ప్రాతఃకాలమున శాలను ఊడ్చువారి యెదుట మాత్రమే వానిని ఆడించి, సాయంకాలము హాలీవుడ్ చిత్రమును వేసెడివారని చెప్పుకొందురు.

పేదరికమే ఓటమికి కారణమందురా? 1933లో అలెగ్జాండర్ కోర్డా యను హంగెరీదేశస్థుడు లండనులో ఎనిమిదవ హెన్రీ రాజు కథను సుమారు 60,000 పౌనులతో తీసెను. ఆ చిత్రము న్యూయార్కులో గొప్పగా ఆడెను. రాజవేషము ధరించిన చార్లెస్ లాటన్ అమెరికా అకాడమీ బహుమానము నందెను. ఇక బ్రిటిషువారికి ఆశ పుట్టినది. ఎక్కువ ఖర్చు పెట్టినచో అమెరికాను జయింపవచ్చుననుకొనిరి. 1945లో పిండిమరల వంశస్థుడైన ఆర్థర్ రాంక్ పెట్టుబడితో, గాబ్రియల్ పాస్కల్ ‘సీజర్ అండ్ క్లియోపాట్రా’ను తీసెను. వ్యయము 12 లక్షల పౌనులు దాటెను. ఎడారిరంగముల కొరకు ఇంగ్లండునుండి ఈజిప్టునకు ఇసుకను తరలించినారని ప్రతీతి. గోదావరిగట్టుననున్న వానికి నీళ్లబిందె మోసికొనిపోయినట్లున్నది! పెట్టిన ధనము తిరిగి రాలేదు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సామెత ఇచ్చట చక్కగా అన్వయించును.

హాలీవుడ్ వారి ధనము వ్యర్థమని నేననను. 1939లో వారు 38 లక్షల డాలర్లకు పైగా వెచ్చించి తీసిన ‘గాన్ విత్ ది విండ్’ లండనులో యుద్ధకాలమున నాలుగేండ్లు ఆడెను. అందలి నాయిక వివియన్ లీ ఇంగ్లండు నటియే. ధనమున్నచోటికి ప్రతిభయు నడచిపోవును. దర్శకుడు హిచ్‌కాక్ సైతము ఆ యేడే అమెరికాకు తరలిపోయెను. 1946లో బ్రిటనులో 163 కోట్ల టిక్కెట్లు అమ్ముడుపోయెను. అంతటి సినిమాప్రియులైన జనము చూచినవానిలో అధికభాగము అమెరికా చిత్రములే.

మరి బ్రిటిషువారు గెలిచిన దెచ్చట? తమ యూరికథను తమ తాహతులో చెప్పుకొన్నచోట. 1949లో ఈలింగ్ శాలవారి ‘విస్కీ గాలోర్’ వెలువడెను. యుద్ధకాలమున మద్యము దొరకని యొక చిన్నద్వీపముచెంత విస్కీ నింపిన ఓడ చిక్కుకొనును. అధికారుల కన్నుగప్పి ద్వీపవాసులు సీసాలను దాచుట కథ. 1941లో స్కాట్లండునొద్ద నిజముగా జరిగిన యోడప్రమాదమే దీనికి మూలము. చిత్రమును బారా ద్వీపమునకే పోయి తీసిరి. అచ్చటి జనమును అందు కనిపింతురు. వ్యయము లక్ష పౌనులకు కొంచెము మించినది. అమెరికావారు సైతము దీనిని ఆదరించిరి.

ఇక మన కాలపు ఉదాహరణము. 1997లో రెండు చిత్రములు వచ్చెను. హాలీవుడ్ వారి ‘టైటానిక్’ వ్యయము 20 కోట్ల డాలర్లు. ఇంగ్లండులో తీసిన ‘ది ఫుల్ మాంటీ’ వ్యయము సుమారు 35 లక్షల డాలర్లు. షెఫీల్డు నగరమున ఉక్కు కర్మాగారములు మూతపడి పని పోయిన కొందరు, వేరుదారి కానక, నలుగురి యెదుట వస్త్రములు విడిచి నాట్యమాడుటకు సిద్ధపడుదురు. మనవంటివారికి వినుటకే సంకోచముగ నుండును. గాని ఆ నవ్వు వెనుక నున్నది పనిలేని మగవాని తలవంపు. మగ్గము మూలబడిన నేతకానిని చూచినవారికి ఆ దుఃఖమును వివరింపనక్కరలేదు. ‘టైటానిక్’ తొలి ప్రదర్శనలలో 180 కోట్ల డాలర్లు రాబట్టెను. అనగా పెట్టుబడికి తొమ్మిది రెట్లు. ‘ఫుల్ మాంటీ’ రాబట్టినది సుమారు 25 కోట్లు. అనగా డెబ్బది రెట్లు!

ఇచ్చట బ్రిటను గెలిచినదని చప్పట్లు కొట్టుటకు ముందు ఒక్కమాట. ఆ చిన్నచిత్రమునకు పెట్టుబడి పెట్టినది అమెరికాలోని ఫాక్స్ సంస్థవారి శాఖయే. ‘టైటానిక్’లోను పెద్దపాలు ఆ ఫాక్స్ వారిదే. 2001 మొదలు 2011 వరకు వచ్చిన హారీ పాటర్ చిత్రములును అట్టివే. కథ ఇంగ్లండుది, నటులు ఇంగ్లండువారు, తీసినది లండనుచెంత. పెట్టుబడి మాత్రము అమెరికాలోని వార్నర్ వారిది. చేను మనది, చెమట మనది, పంట మాత్రము అప్పిచ్చిన షాహుకారుది యనుట మనమెరుగనిదా?

కావున నా మిత్రునికి నేనిచ్చిన సమాధానమిది. ధనము మేడలను కట్టును, ఓడలను ముంచి చూపును, ఊరూర చాటింపు వేయించును. కథతో చూచువానికి చుట్టరికము కలుపుట మాత్రము దానిచేత కాదు. ఆ చుట్టరికమున్నచో చిన్నచిత్రమును సముద్రములు దాటును. కాని పెట్టుబడి పరులదైనచో, పేరు మనకును ఫలము వారికిని దక్కును. నా మిత్రుడంతయు విని, “అయితే పంతులుగారూ, సినిమా చూచునప్పుడు బొమ్మ యెవరిదని గాక, గల్లాపెట్టె యెవరిదని యడుగవలె నన్నమాట” యనెను. నా ప్రసంగమంతయు ఆయన యొక్క మాటలో చెప్పివేసెను. ఇక నాకు సెలవు.