పెట్టె అడుగున దాచి తెచ్చిన ఛాయాచిత్రాలు

పెద్దల తిథినాడు గోడమీది పటాన్ని దించి, తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, పూలదండ వేసి నమస్కరించడం మన ఇళ్లలో ఆనవాయితీ. అట్టి ఆచారమేదీ లేని ఒక సమాజం ఉంది. ప్రార్థనామందిరంలోనికి ప్రతిమను గాని, పటాన్ని గాని రానీయని సమాజమది. వారిలో పూర్వాచారపరులైతే ఛాయాచిత్రం తీయించుకోవడమే అహంకారానికి గుర్తని భావించారు. అయినప్పటికీ, దేశం విడిచిపోవలసిన గడియ వచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు తమవారి చిత్రాలను ప్రాణప్రదంగా వెంట తీసుకొనిపోయాయి. వారే రష్యా మెన్నొనైట్లు.

ఫ్రీస్‌లాండ్‌లో క్యాథలిక్ పురోహితుడుగా ఉండిన మెన్నో సైమన్స్ 1536లో ఆ పదవిని త్యజించాడు. ఆయుధం పట్టరాదనీ, ఒట్టు పెట్టరాదనీ, తెలిసి విశ్వసించిన వారికే బాప్తిస్మమనీ నమ్మిన సమూహానికి ఆయన పేరే స్థిరపడింది. హింసకు గురై వారు విస్తులా నదీముఖానికి తరలివెళ్లారు. అక్కడి నుండి రష్యా సామ్రాజ్ఞి రెండవ క్యాథరిన్ ఆహ్వానం అందుకొని, 1789లో నేటి ఉక్రెయిన్‌లోని నీపర్ నదీతీరాన ఖోర్తిత్సలోను, 1804 నుండి మొలోచ్నా నదీప్రాంతంలోను గ్రామాలు కట్టుకున్నారు. సైనికసేవ నుండి మినహాయింపునిస్తూ 1800లో పాల్ చక్రవర్తి శాసనం ఇచ్చాడు. 1874లో నిర్బంధ సైనికసేవ వచ్చినప్పుడు ఆ అభయం సడలింది. ఆ దశకంలో దాదాపు 18 వేలమంది కాన్సాస్, నెబ్రాస్కా, మానిటోబా మొదలైన చోట్లకు వెళ్లిపోయారు. మిగిలినవారి పిల్లలు తుపాకికి బదులు అడవుల పెంపకంలో సేవ చేశారు.

మనకు నేడు లభిస్తున్న చిత్రాలలో అధికభాగం ఆ మిగిలినవారివే. పీటర్ గెర్హార్డ్ రెంపెల్ అనే ఛాయాగ్రాహకుడు 1890 నుండి 1917 వరకు తీసిన చిత్రాలు 1981లో కెనడాలో గ్రంథరూపం దాల్చాయి. ఆ గ్రంథానికి పెట్టిన పేరుకు తెలుగులో అర్థం చెప్పుకుంటే, ‘ఎల్లప్పుడూ వేసవే, ఎల్లప్పుడూ ఆదివారమే’ అని వస్తుంది. మంచి వెలుతురు ఉన్న రోజున, మంచి బట్టలు కట్టుకుని నిలుచున్నప్పుడే కదా చిత్రం తీయించుకుంటాము! ఆ కాలపు చిత్రాలలో పూలతోటలు, పిండిమరలు, ఇటుకల బడులు కనిపిస్తాయి. కనిపించనివీ ఉన్నాయి. ఆ గడ్డినేలలలో పూర్వం పశువులను మేపుకున్న నొగాయీలు లేరు. పొలాలలో కూలిచేసిన ఉక్రెయిన్ రైతులు ఉంటే ఏ అంచుననో ఉంటారు. మెన్నొనైట్లలోనే సెంటుభూమి లేనివారు 1860ల నాటికి మొలోచ్నాలో చాలామంది. చిత్రంలోని శాంతిని చూసి మురిసేవారు ఈ మాటను మరువరాదని నా అభిప్రాయం.

ఈ సమాజానికి మన నేలతోనూ ఒక బంధముంది. ఈ సమాజానికి చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో మతప్రచారకులుగా బయలుదేరి మన నల్లగొండకు చేరారు. ప్రపంచయుద్ధం, విప్లవం వచ్చి స్వదేశపు ఆసరా తెగిపోయేవరకు ఆ పనికి అక్కడి గ్రామాల నుండే ధనం అందేది.

1917 విప్లవం తరువాత అంతర్యుద్ధం గ్రామాలను చీల్చివేసింది. 1919లో మఖ్నో దళాల దాడులలో ఎందరో హతులయ్యారు. ఆయుధం పట్టరాదన్న వ్రతాన్ని కొందరు యువకులు విడిచి, ఆత్మరక్షణదళాలు కట్టారు. అది ధర్మమా, వ్రతభంగమా అన్న చర్చ వారి కుటుంబాలలో నేటికీ ముగియలేదు. వెనువెంటనే టైఫస్ జ్వరం, 1921–22లో కరవు వచ్చిపడ్డాయి.

1923 నుండి 1930 వరకు దాదాపు 20 వేలమంది కెనడా చేరారు. మొలోచ్నాలోని లిఖ్టెనౌ స్టేషనులో 1924లో తీసిన చిత్రాలు ప్రసిద్ధములు. సరుకులపెట్టెల రైలు, ఎక్కేవారు, సాగనంపేవారు. కాల్చి ఎండబెట్టిన రొట్టెలు మూటకట్టుకుని, కొందరు క్రోగర్ కుటుంబం చేసిన గోడగడియారాన్ని సైతం మోసుకుంటూ బయలుదేరారు. కెనడా రైల్వేసంస్థ అప్పుపై పంపింది. ఆ అప్పు పూర్తిగా తీరినది 1946లో.

దారిలో వైద్యపరీక్షలుండేవి. ట్రకోమా అనే కంటిజబ్బు ఉన్నవారిని ఆపివేసేవారు. తల్లి ముందుకు, బిడ్డ వెనుకకు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఎడబాటు. బయలుదేరే ముందటి చిత్రంలో ఉన్న బిడ్డ, కెనడాలో తీసిన తొలి చిత్రంలో లేకపోతే, ఆ ఖాళీ చోటును చూసిన తల్లి ఏమనుకున్నదో ఊహించడం కష్టం కాదు.

1929 శరత్తులో వేలాదిమంది అనుమతి కోసం మాస్కో శివార్లకు చేరారు. కొందరిని జర్మనీకి పోనిచ్చి, తక్కినవారిని బలవంతంగా వెనుకకు తరలించారు. ఆపైన విదేశం నుండి వచ్చిన ఉత్తరం ఇంట ఉండడమే ప్రమాదమయింది. 1937–38లో మగవారిని చెరబట్టుకొనిపోయారు. 1941లో మిగిలినవారిలో అనేకులను సైబీరియా, కజకిస్తాన్‌లకు తరలించారు. ఇంటి చిత్రం ఇంట మిగలలేదు. అంతకుముందు కెనడాలోని బంధువుకు పంపిన ప్రతి మాత్రం మిగిలింది. తండ్రి ముఖాన్ని ముసలితనంలో, సముద్రానికి ఆవలివారి పెట్టెలో చూసినవారున్నారు.

విన్నిపెగ్ మొదలైన చోట్ల ఉన్న మెన్నొనైట్ భాండాగారాలు 2015 నుండి ఈ చిత్రాలను అంతర్జాలంలో అందరికీ చూపుతున్నాయి. చిత్రాల వెనుక పాత జర్మన్ లిపిలో ఉన్న రాతను మనుమలు చదువలేకున్నారు. కొన్నింటి వెనుక రాతే లేదు. నల్లని దుస్తులలో, చేతులు ఒడిలో పెట్టుకుని, సూటిగా మనవైపు చూస్తున్న ఆ ఇల్లాలు ఎవరో చెప్పగలవారు ఇక లేరు. ఆమె పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంది.