చింతచెట్టు కింద సూర్యుళ్లు

గిద్దలూరు పిల్లల్ని బడివాళ్లు కంభం చెరువుకు తీసుకుపోతుంటే, ఫోటోలు తీయడం నేర్పుతానని నేనూ బస్సెక్కాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు. చేతుల్లో ఇంట్లోవాళ్ల ఫోన్లు. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల సందులో విజయనగర రాజుల కాలంలో వేసిన కట్ట అది. ఎక్కీ ఎక్కగానే సెల్ఫీలకు ఎగబడితే, "ఫోన్లు జేబుల్లో పెట్టి ఇట్లా రాండి" అని చింతచెట్టు కిందికి పిలిచాను.

నేలంతా ఎండ చుక్కలు. "ఎట్లా ఉన్నాయిరా?" అన్నాను. "గుండ్రంగా, తాతా." "మరి పైన ఆకుల సందులో?" అందరూ తలెత్తారు. ఏ సందూ గుండ్రంగా లేదు, అన్నీ వంకరటింకరే. కాసేపటికి ఒక పాప మెల్లగా అంది, "సూర్యుడు గుండ్రం కదా, అందుకా?"

అందుకే! ఆ చుక్క ఒక్కొక్కటీ సూర్యుడి బొమ్మ. పైఅంచు నుంచి వచ్చిన వెలుగు, కిందిఅంచు నుంచి వచ్చిన వెలుగు సందు దగ్గర ఒకదాన్నొకటి దాటి నేలమీద తలకిందులుగా పడతాయి. సూర్యుడు తన వెడల్పుకు దాదాపు 108 రెట్లు దూరంలో ఉన్నాడు. కాబట్టి నడినెత్తిన పొద్దున్నప్పుడు సందు 10 మీటర్ల ఎత్తులో ఉంటే చుక్క 9 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. ఒకడు వెంటనే స్కేలు తీశాడు. నాకెంత సంతోషమేసిందో! పాక్షిక గ్రహణం నాడు ఈ చుక్కలన్నీ నెలవంకలవుతాయి. దానిమీద వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ అల్ హైతమ్ అనే పండితుడు ఒక గ్రంథమే రాశాడు.

ఫోన్ కెమెరాలో ఉన్నదీ ఇలాంటి సందే. వెలుగు ఎక్కువ రావడానికి సందు పెద్దది చేసి, బొమ్మ చెదరకుండా దానికి అద్దం బిగించారు. వచ్చిన వెలుగులో ఎంత పట్టుకోవాలో మాత్రం ఫోనే లెక్క వేసుకుంటుంది. అక్కడ మన చెయ్యి పడాలి.

సంచిలోంచి మార్కాపురం పలక తీసి, తెర నిండా అదే వచ్చేట్టు ఫోటో తీయమన్నాను. నల్లటి పలక బూడిదరంగులో వచ్చింది. ఎదురుగా ఉన్నది తనమీద పడ్డ వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపుతుందని కెమెరా అంచనా. పలక అంత పంపదు. చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది. తెరమీద వేలు పెడితే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే పలక నల్లబడింది.

చెరువులో కొంగకూ అదే చిక్కు. చుట్టూ నల్లటి నీళ్లు, మధ్యలో తెల్లటి పిట్ట. కెమెరా నీళ్లను చూసి వెలుగు పెంచితే కొంగ తెల్లటి మచ్చయి కూర్చుంటుంది. కొంగమీద వేలు పెట్టి గుర్తును కిందికి లాగుతూ పోతే ఈకల గీతలు బయటపడ్డాయి.

"తెల్లగోడ ముందు తీస్తే మా మొహాలు నల్లగా వస్తాయెందుకు తాతా?" అని ఒకడడిగాడు. అక్కడ కెమెరా గోడను చూసి వెలుగు తగ్గిస్తుంది. మొహం మీద వేలు పెట్టి తీయమన్నాను.