చేర్యాల పటములయందు ప్రకృతి: సమృద్ధి, భయము

చేర్యాల 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిది. నేడు సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీలు వ్రాయు పటములు కథాచిత్రములుగా ప్రసిద్ధములు. అయినను చూపఱుల దృష్టిని మొదట నాకర్షించునది కథ కాదు. ఎఱ్ఱని తలముపై పరచుకొన్న చెట్లు, పూలు, పక్షులు, అంచులందలి లతలు కన్నులను నింపును. ఈ యలంకారము శోభకొఱకు మాత్రమేనా, కథయందు దానికి పని యున్నదా యనునది యిచట విచార్యము.

ఖాదీవస్త్రమునకు చింతగింజల అంబలియు, సుద్దమన్నును, జిగురును కలిపి పూసి, అది యారిన పిదప నకాషీ కుంచె పట్టును. పటము వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు కొన్ని పదుల అడుగులు. ఘట్టమునకును ఘట్టమునకును నడుమ పూలపట్టె యుండును. కథకుడు చెప్పుకొని పోయినకొలదిని పటము విప్పబడుచుండును. కావున ఆ పూలపట్టె వాక్యాంతమున విరామమువంటిది.

పద్మశాలీలకు కూనపులివారు చెప్పు మార్కండేయపురాణమును తీసికొందము. అల్పాయుష్కుడైన బాలుడు శివలింగమును కౌగిలించుకొనును. యముడు పాశము విసరును. ఆ మార్కండేయుని వంశమువాడైన భావనాఋషి విష్ణునాభికమలమునుండి తంతువు గొని దేవతలకు వస్త్రములు నేయును. అంచులపై అలంకారమైన పువ్వు కథలో కులవృత్తికి మూలమగుచున్నది. ప్రాణము తీయవచ్చిన పాశమును పేనిన దారమే. బ్రదుకుదెరువు నిచ్చిన తామరతూటి పోగును దారమే. కొత్తవాడవంటి చోట్ల మగ్గముపై బ్రదుకువారికి ఈ సామ్యమును వేఱుగ వివరింప నక్కఱలేదు.

యముడు వచ్చిన ఘట్టమునందును నకాషీ పూలపట్టెను మానడు. ఎఱ్ఱని తలమును మార్చడు. పండుగవంటి యా రంగులోనే మృత్యువు నిలుచును. సమృద్ధి భయమును కప్పిపుచ్చుట లేదు. రెండును ఒకే గుడ్డపై నున్నవని చూపుచున్నది. ఈ విధముగా చూచినచో అలంకారము కథకు అంగమే కాని అదనము కాదు.

ఇటీవలి దశాబ్దములలో కథకులు తగ్గిరి. ధనాలకోట వైకుంఠము మొదలగు నకాషీలు చిన్న పటములను, ముఖాకృతులను చేసి వృత్తిని నిలువబెట్టిరి. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపును లభించినది. గోడకు వ్రేలాడదీయు నేటి పటములందు పొలము పనులు, బతుకమ్మ, కల్లుగీత వంటి దృశ్యములు విరివిగా కానవచ్చును. దీనిని నిందింపరాదు, కళాకారుని పొయ్యిలో నిప్పు ఆరకుండుటకు ఇదియే కారణము. కాని కథనుండి వేఱుపడిన చిన్న పటమున సమృద్ధి నిలిచినది, భయము జారిపోయినది. పువ్వు మరల కేవలము పువ్వే యైనది.

కావున పాతపటములను వస్తుప్రదర్శనశాలలయందు భద్రపఱచుటతో పని తీఱదు. వానిని విప్పుచు చెప్పు కథను, పూలపట్టెకడ కథకుడు ఆగు తీరును గూడ, చెప్పగలవారు మిగిలియుండగనే వ్రాసికొనవలసియున్నది.