ఆయిలు ఇంజను రాకర్ ఆర్ములు - అమర్చుట, బిగించుట

వరి పొట్ట, పూత దశలలో నీరు చాలనిచో తాలు గింజలు పెరుగును. అట్టి సమయమున ఇంజను ఆగినచో కలుగు నష్టమును గూర్చి రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు బావుల మీద విద్యుత్ మోటార్లే ఎక్కువైనను, కాలువల నుండియు, వాగుల నుండియు నీరు తోడుటకు ఆయిలు ఇంజనులు ఇప్పటికిని వాడుకలో ఉన్నవి. ఇంజను తల విప్పి బాగుచేయించినప్పుడు రాకర్ ఆర్ముల బిగింపును మీరు దగ్గరుండి చూచుకొనవలెను.

రాకర్ ఆర్ము ఏతపు దూలము వంటిది. నడుమ ఇరుసు ఉండును. పుష్ రాడ్ ఒక కొనను పైకి నెట్టగా, రెండవ కొన వాల్వును క్రిందికి అదిమి తెరచును. నిమిషమునకు 650 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 325 మార్లు, గంటకు 19,500 మార్లు తెరచుకొనును. ఇన్ని దెబ్బలకు వదులుగా ఉన్న నట్టు మరింత వదులగును.

అమర్చుటకు ముందు

విప్పిన భాగములు ఏ వాల్వువి ఆ వాల్వుకే చేరునట్లు గుర్తులు పెట్టుకొనుడు. వానిని కిరసనాయిలుతో కడిగి, నూనె రంధ్రములు పూడిపోకుండ చూడుడు. పుష్ రాడ్‌ను అద్దము మీద దొర్లించినచో వంకర ఉన్నదీ లేనిదీ తెలియును. సిలిండరు హెడ్ విప్పియున్నచో మొదట దాని నట్లు పూర్తిగా బిగింపవలెను. తరువాత బిగించినచో వాల్వు సందు మారిపోవును.

పిమ్మట ఫ్లై వీలును చేతితో త్రిప్పి, పిస్టను కంప్రెషను స్ట్రోకులో పై కొసకు వచ్చునట్లు నిలుపుడు. అప్పుడు రెండు వాల్వులును మూసికొని ఉండును. డీకంప్రెషన్ లీవరు వాల్వును ఎత్తిపట్టకుండ చూడుడు. సర్దుబాటు స్క్రూలను వదులు చేసి, పుష్ రాడ్‌ల కొనలు వాని గుంటలలో కూర్చున్నవని నిశ్చయించుకొనుడు. ప్రక్కకు జరిగిన పుష్ రాడ్ మొదటి చుట్టులోనే వంగిపోవచ్చును.

బిగింపునకు కొలత

నట్లను మొదట చేతితో ఎక్కించి, తరువాత ఒకదాని తరువాత ఒకటిగా, రెండు మూడు విడతలలో బిగింపుడు. ఒకే నట్టును ఒకేసారి బిగించినచో ఇరుసు ప్రక్కకు లాగుకొనును.

బిగింపు మీరు లాగు బలము మీదనే కాక, పానా పొడవు మీద కూడ ఆధారపడును. 30 సెం.మీ. దూరమున 10 కిలోల బలముతో లాగినచో 3 కిలోగ్రాము-మీటర్ల బిగింపు వచ్చును. పానాకు గొట్టము తొడిగి 60 సెం.మీ. చేసినచో అదే బలమునకు 6 వచ్చును. స్టడ్లు సాగి తెగుట ఇందువలననే. టార్కు రెంచి లేనిచో పానా చివర స్ప్రింగు త్రాసు తగిలించి, పానాకు లంబముగా లాగి కొలువవచ్చును. ఎంత బిగింపవలెనో మీ ఇంజను పుస్తకములో ఉండును. మరలకు నూనె రాయవలెనో కూడదో అందులోనే చూడుడు. నూనె రాసిన మరలో అదే బిగింపునకు బోల్టు ఎక్కువగా సాగును.

వాల్వు సందు

ఉక్కు వేడికి సాగును. 10 సెం.మీ. పొడవుగల ఉక్కు కడ్డీ 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పెరిగినచో సుమారు 0.12 మి.మీ. సాగును. అందుచేతనే రాకర్ ఆర్మునకు, వాల్వు కాడకు నడుమ సందు ఉంచవలెను. సందు లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనదు. కంప్రెషను తగ్గును, ఇంజను స్టార్టు కాదు, ఎగ్జాస్టు వాల్వు మాడిపోవును. సందు ఎక్కువైనచో టకటకమను శబ్దము వచ్చి, భాగములు అరుగును.

పుస్తకములో చెప్పిన మందముగల ఫీలర్ గేజి రేకు కొద్దిపాటి పట్టుతో జారవలెను. స్క్రూను కదలనీయక లాక్ నట్టు బిగించి, మరల ఒకసారి కొలువుడు. లాక్ నట్టు బిగించునప్పుడు సందు మారుట కలదు.

చివరకు ఫ్లై వీలును చేతితో రెండు చుట్లు త్రిప్పుడు. ఎక్కడనైనను అడ్డుపడినచో బలవంతము చేయక కారణము వెదకుడు. కొన్ని గంటలు నడపిన తరువాత, పుస్తకములో చెప్పినట్లు నట్లను, సందును తిరిగి పరీక్షింపుడు.

ఉమ్మడి ఇంజనులున్న గ్రామములలో బిగింపు కొలత, సందు కొలత, పని చేసిన తేదీ వ్రాయుటకు ఒక పుస్తకము ఉంచునట్లు గ్రామాధికారులు చూడవలెను. మెకానిక్కు మారినను కొలత మారకుండ ఉండును.