చదివినది నిలుచుట ఎట్లు?

గ్రామములో బడి బాగుగా నడచుచున్నదా లేదా అని తెలిసికొనుటకు పెద్దలు సాధారణముగా మూడు గుర్తులు చూచుచుందురు. పిల్లలు గొంతెత్తి పాఠము చదువుచున్నారా? నోటుపుస్తకములు నిండినవా? పరీక్షకు ముందు రాత్రి చాల ప్రొద్దుపోవు వరకు పుస్తకము ముందు కూర్చుండుచున్నారా? ఈ మూడును శ్రమకు గుర్తులే. కాని చదువు మనస్సున నిలిచినదనుటకు ఇవి గుర్తులు కావు. ఎంతో శ్రమపడి చదివిన పిల్లవాడు పరీక్షనాడు తెల్లకాగితము ముందు చేతులు కట్టుకొని కూర్చున్నచో, తల్లిదండ్రులు వానిని మందమతి యని నిందింతురు. తుదకు వానిని బడి మాన్పించి పనికి పంపువారును కలరు. లోపము పిల్లవాని బుద్ధియందు గాక, చదివిన పద్ధతియందే యుండవచ్చును. ఈ విషయమున మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా సాగించిన పరిశోధనల సారమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. దానిని ఆచరణలో పెట్టుటకు నిధులు గాని, కొత్త భవనములు గాని అక్కరలేదు.

మరపు వచ్చు తీరు

మరపును లెక్కకు తెచ్చి కొలిచినవారిలో మొదటివాడు జర్మనీ దేశపు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థములేని అక్షరముల వరుసలను కల్పించి, వానిని తానే కంఠస్థము చేసి, కొంతకాలము గడచిన పిదప మరల నేర్చుకొనుచు, రెండవసారి ఎంత శ్రమ తగ్గినదో లెక్కించెను. ఆ ఫలితములను 1885లో గ్రంథముగా ప్రకటించెను. మొదట నేర్చుటకు నూరు నిమిషములు పట్టినదనుకొందము. ఇరువది నిమిషముల తరువాత మరల నేర్చినచో అందులో 58 నిమిషముల శ్రమ కలిసివచ్చెను. ఒక గంట గడచిన పిదప 44, ఒక దినము గడచిన పిదప 34, నెల గడచిన పిదప 21 నిమిషములు మాత్రమే కలిసివచ్చెను. అనగా మరపు మొదట మిక్కిలి వేగముగాను, తరువాత మెల్లగాను వచ్చును. అర్థము కల పాఠము ఇంత త్వరగా చెదరిపోదు. అయినను ఆరంభములోనే ఎక్కువ నష్టము కలుగుట దానికిని తప్పదు.

ఆయన మరియొక ముఖ్యవిషయమును గమనించెను. ఒకేనాడు వరుసగా 68 మారులు వల్లించినందువలన మరునాడు కలిగిన ప్రయోజనము, మూడు దినములకు పంచుకొని 38 మారులు వల్లించినపుడును కలిగెను. శ్రమ దాదాపు సగమునకు తగ్గినది, ఫలము తగ్గలేదు. ఇది రైతులకు క్రొత్త సంగతి కాదు. ఆరుతడి పంటకు నెలకు కావలసిన నీరంతయు ఒక్కనాడే కట్టు రైతు ఉండడు. తడికి తడికి నడుమ ఎడముంచును. చదువునకును అట్టి ఎడము కావలయును. పరీక్ష ముందటి రాత్రి చదువు, పంట ఎండిన తరువాత పొలము ముంచుట వంటిది.

మరల చదువుటయా, జ్ఞప్తికి తెచ్చుకొనుటయా?

పాఠము నిలుచుటకు దానిని పదేపదే చదువవలెనని మన మందరము అనుకొందుము. ఇది ఎంతవరకు నిజమో అమెరికాలో సెయింట్ లూయీ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అను పరిశోధకులు పరీక్షించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. కళాశాల విద్యార్థులను మూడు జట్లుగా చేసి, చిన్న వ్యాసమొకటి ఇచ్చిరి. మొదటి జట్టు దానిని నాలుగు విడతలు చదివెను. రెండవ జట్టు మూడు విడతలు చదివి, నాలుగవ విడత వ్యాసము చూడకుండ జ్ఞప్తియందున్నది వ్రాసెను. మూడవ జట్టు ఒక్క విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసెను.

అయిదు నిమిషముల తరువాత విచారింపగా, నాలుగు విడతలు చదివినవారు నూటికి 83 పాళ్లు చెప్పగలిగిరి. ఒక్క విడత చదివినవారు 71 పాళ్లే చెప్పగలిగిరి. ఇంతటితో ఆగినచో పదేపదే చదువుటయే మేలని తోచును. కాని వారము గడచిన తరువాత లెక్క తలక్రిందులయ్యెను. నాలుగు విడతలు చదివినవారికి 40 పాళ్లు మిగిలినవి. మూడు విడతలు చదివి ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి 56 పాళ్లు, ఒక్క విడత చదివి మూడుమారులు జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి 61 పాళ్లు మిగిలినవి. విచిత్రమేమనగా, వారము తరువాత తమకు బాగుగా జ్ఞాపకముండునని ఎక్కువ నమ్మకము వెలిబుచ్చినవారు నాలుగు విడతలు చదివినవారే. పుస్తకము తెరచియున్నంతసేపు అంతయు తెలిసినట్లే ఉండును. మూసిన తరువాత గాని నిజము బయటపడదు.

ఇది కళాశాల విద్యార్థులకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 1939లో హెచ్. ఎఫ్. స్పిట్జర్ అను ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రమున 91 ప్రాథమిక పాఠశాలలలో ఆరవ తరగతి చదువు 3,605 మంది పిల్లలపై జరిపిన పరిశోధనను ప్రకటించెను. పిల్లలు చిన్న వ్యాసములు చదివిరి. కొందరిని వెంటనే ప్రశ్నించిరి, కొందరిని కొన్ని దినములకు, కొందరిని కొన్ని వారములకు ప్రశ్నించిరి. చదివిన వెంటనే జ్ఞప్తికి తెచ్చుకొనిన పిల్లలకే వారముల తరువాత ఎక్కువ నిలిచినది. ఆలస్యముగా అడిగినచో, జ్ఞప్తికి తెచ్చుకొనుటకు మిగిలియున్నదే స్వల్పము.

అప్పజెప్పుటలోని మర్మము

ఇంత చెప్పిన తరువాత, ఇది మనకు బొత్తిగా తెలియని విద్య కాదని సభ్యులు గ్రహించియే యుందురు. పాఠము అప్పజెప్పుమని అడుగుట మన బడులలో చిరకాలముగా ఉన్న ఆచారము. పుస్తకము చూచుచు వల్లెవేయుట ఒకటి, పుస్తకము మూసి అప్పజెప్పుట వేరొకటి. పైన చెప్పిన బలము రెండవదానియందే యున్నది. కాని ఇందు మూడు జాగ్రత్తలు వహింపవలెను.

మొదటిది, ముందుగా పాఠము అర్థము కావలెను. అర్థము కానిదానిని అప్పజెప్పించినచో మాటలు మాత్రమే మిగులును. అందుచేత ఉపాధ్యాయుని బోధనకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే. మాటకు మాట అప్పజెప్పుట పద్యములకును ఎక్కములకును తగును. తక్కిన పాఠములు పిల్లవాడు తన మాటలలో చెప్పవలెను.

రెండవది, ఎవరి జ్ఞప్తిని వారే వెదకుకొనవలెను. తరగతి అంతయు ఒక్క గొంతుగా పలుకునపుడు ముందు వరుసలోని ఇద్దరు చెప్పగా తక్కినవారు పెదవులు కదుపుట కద్దు. ప్రశ్న వేసిన తరువాత కొంచెము సేపు ఆగి, ప్రతి పిల్లవాడును తన పలకపైనో కాగితముపైనో వ్రాయునట్లు చేసినచో అందరికిని సాధన కలుగును.

మూడవది, తప్పు చెప్పిన వెంటనే సరియైన సమాధానము తెలియవలెను. తప్పునకు దెబ్బ సమాధానము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. ఇక్కడ చెప్పుచున్నది మార్కులు వేసి పిల్లలను వరుసలుగా నిలుపు పరీక్ష కాదు. ఇది భయములేని చిన్న ప్రశ్న. తప్పు చెప్పినవాడు సిగ్గుపడవలసిన పనిలేని ప్రశ్న.

పంచాయతీ చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలునందు, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్య కూడ కలదు. విద్యాహక్కు చట్టము నిర్దేశించిన పాఠశాల యాజమాన్య సంఘమునందు నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. స్థానిక సంస్థల ప్రతినిధులకును అందు చోటు కలదు. కావున బడి సంగతి మనది కాదని సభ్యులు ఊరకుండ రాదు. అట్లని ఉపాధ్యాయునికి పాఠము చెప్పు విధము నేర్పబూనుటయు తగదు. ఈ క్రింది మాత్రము చేసిన చాలును.

బడికి వెళ్లినపుడు నోటుపుస్తకముల బరువు చూచి తృప్తిపడక, గత వారము, గత నెల చెప్పిన పాఠములను ఏ విధముగా మరల జ్ఞప్తికి తెప్పించుచున్నారో ఉపాధ్యాయులతో గౌరవముగా ముచ్చటింపవలెను. ఆ మంచి పద్ధతి నడచుచున్నచో యాజమాన్య సంఘ సమావేశమున ఉపాధ్యాయులను అభినందింపవలెను.

సాయంకాలము పిల్లలు కూడి చదువుకొనుటకు పంచాయతీ కార్యాలయపు అరుగో, మరియొక చోటో చూపి, దీపము అమర్చినచో అచ్చట ఒక చిన్న నియమము పెట్టవచ్చును. మొదట చదువుట, తరువాత పుస్తకము మూసి ఒకరికొకరు చెప్పుకొనుట, పిదప పుస్తకము తెరచి సరిచూచుకొనుట. నిన్నటి పాఠము నేడును, గత వారపు పాఠము ఈ వారమును ఒకమారు తలచుకొన్నచో, పరీక్ష ముందటి రాత్రి జాగరణతో పని యుండదు.

అన్నిటికన్న ముఖ్యముగా, ఈ మాటను గ్రామసభలో తల్లులకు చెప్పవలెను. తాము చదువుకొనలేదు గనుక బిడ్డ చదువునకు సాయపడలేమని అనేకమంది తల్లులు చింతించుచుందురు. ఆ చింత అక్కరలేదు. ‘ఈనాడు బడిలో ఏమి చెప్పినారు? పుస్తకము చూడకుండ నాకు చెప్పు’ అని అడుగుటకు అక్షరజ్ఞానము పనిలేదు. బిడ్డ తడబడినచోట, ‘పుస్తకము తీసి చూచి మరల చెప్పు’ అన్న చాలును. తప్పొప్పులు పుస్తకమే చెప్పును. రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు తల్లి ఓపికతో ఆలకించినచో, ఆ బిడ్డకు రుసుము పుచ్చుకొను బోధకుడు ఇచ్చు సాయములో ముఖ్యమైన భాగము ఇంటనే లభించును.

బడి కట్టించుట, నీరు ఏర్పరచుట, గోడలకు సున్నము వేయించుట పంచాయతీల కీర్తిని నిలుపు పనులే. ఆ గోడల నడుమ పిల్లలు గడపిన కాలము వృథా కాకుండ చూచుట అంతకన్న తక్కువ పని కాదు. వచ్చు గ్రామసభలో చర్చకు వచ్చు విషయములలో దీనినొకటిగా చేర్చి, ప్రతి ఇంటను ఆ పది నిమిషముల ఆచారమును నెలకొల్పుటకు సభ్యులు పూనుకొందురు గాక.